మాటల్లోకి మౌనాన్ని తెచ్చినవాడు: రోనాల్డ్ కోల్‌మన్

(ఫిల్మ్ సొసైటీ వార్షికోత్సవ సభలో చేసిన స్మారకోపన్యాస పాఠం)



ఈ ఉపన్యాసం ఎవరి పేరిట జరుగుతోందో ఆ మాస్టారు బతుకుతెరువు కోసం ఇంగ్లీషు పాఠాలు చెప్పారు, బతికినందుకు సినిమాలు చూశారు, పదిమందికీ చూపించారు. పద్యనాటకాలు వింటూ పెరిగిన మనిషి. నటుడంటే ముందు గొంతు అన్నది ఆయన సిద్ధాంతం. నేను ఒప్పుకునేవాణ్ణి కాదు. మా వాదన ఎక్కడ మొదలైనా చివరికి ఒక పేరు దగ్గర ఆగేది. మూకీల్లో పేరు తెచ్చుకుని, టాకీలు వచ్చాక ఇంకా పెద్దవాడైన ఇంగ్లీషు నటుడు రోనాల్డ్ కోల్‌మన్. గొంతే గెలిచిందనడానికి మాస్టారు పిలిచే మొదటి సాక్షి అతనే. ఆ సాక్షిని ఇవాళ నేను క్రాస్ చేస్తాను. మాస్టారు లేరు కాబట్టి అభ్యంతరాలు చెప్పే పని ఆయన శిష్యులు మీరే చూసుకోవాలి.

సినిమా చరిత్రలు చెప్పే కథ మీకు తెలిసిందే. 1927లో మాటలతో ‘ది జాజ్ సింగర్’ వచ్చింది. రెండేళ్లు తిరిగేసరికి హాలీవుడ్ మూకీలను మూలన పెట్టేసింది. మైకు ముందు నిలవలేని తారలు రాలిపోయారు. కోల్‌మన్‌కు దేవుడిచ్చిన గొంతు ఉంది కాబట్టి నిలిచాడు. ఈ కథలో అబద్ధమేమీ లేదు. ఆ గొంతు నిజంగానే గొప్పది. మెత్తన, దాని అడుగున కాస్త బరువు, వాక్యం చివరికొచ్చేసరికి ఎక్కడ ఆగిందో తెలియకుండా ఆగే ఒడుపు. కానీ గొంతు ఒక్కటే చాలుననుకుంటే, 1929, 30 సంవత్సరాల్లో బ్రాడ్‌వే నాటకశాలల నుంచి రైలెక్కి హాలీవుడ్‌లో దిగిన మంచి గొంతులు బోలెడు. అందులో ఎన్ని పేర్లు మనకు గుర్తున్నాయి?

నా జవాబు ముందే చెప్పేస్తాను, దాచుకుని చివర్లో బయటపెట్టే ఓపిక నాకు లేదు. కోల్‌మన్ మూకీల్లో నేర్చుకున్న విద్య తగ్గించడం. టాకీ వచ్చాక అందరూ మాటల కోసం పరుగులు తీస్తుంటే, ఇతను తన మౌనాన్ని కూడా వెంట తెచ్చుకున్నాడు. మన నాట్యశాస్త్ర పరిభాషలో చెప్పాలంటే అతని వాచికాన్ని, అంటే మాటల అభినయాన్ని, నిలబెట్టింది సాత్త్వికం, అంటే లోపలి భావం. అందరూ మెచ్చుకున్నది వాచికాన్ని.

1891 ఫిబ్రవరి 9న లండన్ పక్కనే ఉన్న రిచ్‌మండ్‌లో పుట్టాడు. తండ్రి పట్టు వ్యాపారి. కుర్రాణ్ణి కేంబ్రిడ్జిలో ఇంజనీరింగు చదివిద్దామనుకున్నారు. 1907లో తండ్రి నిమోనియాతో పోయాడు, చదువు అక్కడితో ఆగింది. లండన్‌లో ఒక ఓడల కంపెనీలో గుమాస్తాగా చేరాడు. పగలు లెక్కల పుస్తకాలు, సాయంకాలం ఔత్సాహిక నాటకాలు. 1909లో లండన్ స్కాటిష్ రెజిమెంటులో చేరాడు. ఉద్యోగం చేసుకుంటూ తీరిక వేళల్లో కవాతు చేసే వాలంటీర్ల దళం అది. అప్పట్లో చాలామంది గుమాస్తాలు చేసే పనే. అది యుద్ధానికి దారితీస్తుందని వాళ్లలో ఎవరూ అనుకుని ఉండరు.

1914 సెప్టెంబరులో ఆ దళం ఫ్రాన్సుకు వెళ్లింది. అక్టోబరు 31న బెల్జియంలో మెసీన్ అనే ఊరి దగ్గర జరిగిన పోరులో ఫిరంగి గుండు పెంకు తగిలి కోల్‌మన్ చీలమండ చితికింది. మరుసటి ఏడు సైన్యం అతన్ని ఇంటికి పంపేసింది. కుంటి నడక మాత్రం అతనితోనే ఉండిపోయింది. ఆ తరవాత నలభై ఏళ్ల నటజీవితంలో ఆ కుంటితనం తెరమీద కనపడకుండా చూసుకోవడం అతనికి రోజూ పనే.

ఆ రెజిమెంటు గురించి ఒక్క మాట. క్లాడ్ రెయిన్స్, హెర్బర్ట్ మార్షల్, బాసిల్ రాత్‌బోన్ కూడా ఆ దళంలో పనిచేసినవాళ్లే. తరవాతి రోజుల్లో హాలీవుడ్‌కు దొర వేషం కావాలంటే కబురు వెళ్లేది వీళ్లకే. రెయిన్స్‌కు విషవాయువు వల్ల ఒక కంటి చూపు దాదాపుగా పోయింది. మార్షల్‌కు కాలు తీసేశారు, కొయ్యకాలు పెట్టుకునే ప్రేమకథల్లో నాయకుడిగా వేశాడు. తొణకని మర్యాద అంటూ అమెరికన్లు మురిసిపోయిన ఆ ఇంగ్లీషు నటనలో కొంత భాగం యుద్ధం మిగిల్చిన దెబ్బల్ని కప్పిపుచ్చే అలవాటేనని నా అనుమానం. గాయపడ్డవాడు అనవసరంగా కదలడు. కదలని మనిషి మీదికి కెమెరా తనంతట తానే వెళ్తుంది.

వృత్తి నటుడిగా అతని తొలి వేషాల్లో ఒకదానికీ మన దేశానికీ సంబంధం ఉంది. 1916 జూన్‌లో లండన్ కొలీసియంలో ‘ది మహారాణి ఆఫ్ ఆరకాన్’ అనే నాటిక ఆడింది. రవీంద్రనాథ ఠాగూరు ‘దాలియా’ కథను జార్జ్ కాల్డెరన్ నాటికగా మలిచాడు. ఆ కాల్డెరన్ అప్పటికి బతికి లేడు, అంతకు ఏడాది ముందే గలీపొలీ యుద్ధంలో చనిపోయాడు. యుద్ధంలో పోయినవాడు రాసిన నాటికలో, యుద్ధం నుంచి కుంటుతూ వచ్చినవాడు, రంగు పూసుకుని రహ్మత్ షేక్ అనే చిన్న వేషం వేశాడు. నాయిక లేనా ఆష్‌వెల్. ఠాగూరు పేరు అప్పట్లో లండన్‌లో మారుమోగుతోంది. కోల్‌మన్ పేరు ఎవరికీ తెలియదు.

ఆ తరవాతి నాలుగేళ్ల బ్రిటిష్ సినిమాల గురించి ఎక్కువ చెప్పను. ‘ది టాయిలర్స్’, ‘షీబా’, ‘అన్నా ది అడ్వెంచరెస్’ లాంటివి వచ్చాయి, పోయాయి. ఇతను తెరకు పనికిరాడని ఒక స్టూడియో వాళ్లు చీటీలో రాసి పెట్టుకున్నారని చెప్పుకుంటారు. కథే కావచ్చు. కానీ అప్పటి బ్రిటిష్ సినిమాకు మనిషిని గుర్తుపట్టే తీరిక, డబ్బు రెండూ లేవన్నది నిజం. 1920లో అమెరికా ఓడ ఎక్కాడు. అదే ఏడు థెల్మా రే అనే నటిని పెళ్లి చేసుకున్నాడు. ఆ కాపురం ఎక్కువ కాలం నిలవలేదు, విడాకులు మాత్రం 1934 దాకా రాలేదు.

1922లో న్యూయార్క్‌లో రూత్ చాటర్టన్‌తో ‘లా టాండ్రెస్’ అనే నాటకంలో వేస్తుండగా దర్శకుడు హెన్రీ కింగ్ చూశాడు. లిలియన్ గిష్‌తో తీయబోయే ‘ది వైట్ సిస్టర్’కు ఇటాలియన్ సైనికాధికారి వేషానికి మనిషి కావాలి. ఎదురుగా ఉన్నది నున్నగా గీసుకున్న ముఖంతో బిడియపడుతున్న ఇంగ్లీషువాడు. కింగ్ అతని పాపిట మార్చి దువ్వి, పై పెదవి మీద పెన్సిలుతో సన్నని మీసం గీసి పరీక్షకు కెమెరా ముందు నిలబెట్టాడు. తరవాత ఒక తరం మగవాళ్లు మంగలి షాపుల్లో అడిగి మరీ పెట్టించుకున్న కోల్‌మన్ మీసం అలా పుట్టింది.

ఇటలీలో తీసిన ఆ సినిమా 1923లో వచ్చింది. నాయకుడు యుద్ధంలో చనిపోయాడనుకుని నాయిక సన్యాసిని అయిపోతుంది. అతను తిరిగొచ్చి తనతో రమ్మని బతిమాలతాడు. ఆ ఘట్టంలో కోల్‌మన్ బిగుసుకుపోయాడట. బిగువు సడలించడానికి అతనికి బాగా మందు పట్టించి షాటు తీశానని కింగ్ తరవాత చెప్పుకున్నాడు. ఈ మందు సంగతి కాస్త గుర్తుంచుకోండి. పదేళ్ల తరవాత కోర్టు దాకా వెళ్తుంది.

శామ్యూల్ గోల్డ్‌విన్ అతనితో కాంట్రాక్టు రాయించుకున్నాడు. 1925 నుంచి 1928 దాకా కోల్‌మన్ మూకీల స్వర్ణయుగం. అందులో మూడు సినిమాల దగ్గర ఆగుతాను.

మొదటిది ఎర్నెస్ట్ లూబిచ్ తీసిన ‘లేడీ విండర్మీర్స్ ఫ్యాన్’, 1925. ఆస్కార్ వైల్డ్ నాటకమంటే మాటే. చమత్కారం తీసేస్తే నాటకంలో మిగిలేది ఒక విసనకర్ర, ఒక అనుమానం. లూబిచ్ ఆ మాటలన్నీ తీసేశాడు, వైల్డ్ చమత్కారాల్ని టైటిల్ కార్డుల మీద కూడా వేయలేదు. కోల్‌మన్‌ది లార్డ్ డార్లింగ్టన్ వేషం, పరాయివాడి భార్యను ప్రేమించే పెద్దమనిషి. ఇప్పుడు నటుడి చేతిలో ఏముంది? సిగరెట్టు, తలుపు గొళ్లెం, ఎవరూ చూడనప్పుడు ఒక క్షణం కిందికి దిగే కనురెప్ప. అతను ఆమె గదిలోకి వచ్చి నిలబడే తీరు చూడండి. ముఖంలో మర్యాద చెక్కుచెదరదు, చూపు మాత్రం మర్యాద దాటిపోతుంది. రెండూ ఒకేసారి, ఒకే ముఖంలో. అదే ఏడు చాలామంది మూకీ నాయకులు ప్రేమ చూపించాలంటే గుండె మీద చెయ్యి వేసుకుని ముక్కుపుటాలు ఎగరేసేవాళ్లు.

రెండోది ‘ది డార్క్ ఏంజెల్’, అదీ 1925. యుద్ధంలో చూపు పోయిన సైనికుడు, ప్రేమించిన అమ్మాయికి భారం కాకూడదని తన గుడ్డితనాన్నే ఆమెకు తెలియకుండా దాచే కథ. చీలమండ గాయాన్ని రోజూ దాచుకునే మనిషికి ఇంతకన్నా దగ్గరి వేషం ఎవరు రాసిస్తారు? నాయిక విల్మా బాంకీ, గోల్డ్‌విన్ హంగరీ నుంచి తెచ్చిన అందగత్తె. జనం ఈ జంట కోసం ఎగబడ్డారు. ఆ సినిమా ఇవాళ దొరకదు, నశించిన మూకీల జాబితాలో చేరిపోయింది. మన మూకీ ‘భీష్మప్రతిజ్ఞ’ కూడా అలాగే పోయింది కాబట్టి ఈ బాధ మనకు కొత్త కాదు.

మూడోది 1926 నాటి ‘బో జెస్ట్’. అరిజోనాలో యూమా దగ్గర ఇసుక తిన్నెల మధ్య ఊరంత గుడారాల బస వేసి హెర్బర్ట్ బ్రెనన్ తీశాడు. సహారా ఎడారిలో ఒక కోట, గోడల మీద నిలబెట్టిన శవాలు, నోవా బీరీ వేసిన క్రూరుడైన సార్జెంటు. బీరీ ఫ్రేము నిండా విజృంభిస్తాడు. కోల్‌మన్ నిలబడి చూస్తాడు. సినిమా అయ్యాక గుర్తుండేది నిలబడ్డవాడు.

అదే సంవత్సరం ‘ది విన్నింగ్ ఆఫ్ బార్బరా వర్త్’లో కోల్‌మన్, బాంకీల పక్కన ఒక పొడుగాటి కొత్త కుర్రాడు చిన్న వేషం వేశాడు. పేరు గారీ కూపర్. తక్కువ మాట్లాడటంలో తరవాత అతనే అందరికీ మొనగాడయ్యాడు.

ఇక అసలు ఘట్టానికి వస్తాను. 1928లో గోల్డ్‌విన్ తన నటులందరి కాంట్రాక్టుల్లో మాటల సినిమాల్లో కూడా నటించాలన్న షరతు చేర్చాడు. కోల్‌మన్ సంతకం పెట్టడానికి వెనకాడాడు. ఈ శబ్దం గొడవ మీద తనకు సదభిప్రాయం లేదని ఉత్తరం రాశాడు. గొంతు వల్లే బతికాడని మనం చెప్పుకునే మనిషి గొంతు వాడటానికి ఇష్టపడలేదన్న మాట. దీన్ని వినయమనో భయమనో కొట్టిపారేయకండి. ఐదేళ్లు కష్టపడి ఒక పనితనాన్ని చేతికి తెచ్చుకున్నవాడికి, పనిముట్టు మారుతోందంటే కలిగే బెంగ అది.

ఆ రోజుల్లో సెట్టు మీద పరిస్థితి ఏమిటో తెలిస్తే ఆ బెంగ ఇంకా బాగా అర్థమవుతుంది. మూకీల కెమెరాలు గరగరమని శబ్దం చేసేవి. మూకీకి పర్వాలేదు. మైకు వచ్చాక ఆ శబ్దం వినపడకుండా కెమెరానూ కెమెరామన్‌నూ కలిపి గాలి చొరబడని పెట్టెలో పెట్టి తలుపేసేవారు. నిన్నటి దాకా గుర్రాల వెంట పరిగెత్తిన కెమెరా చెరసాల పాలైంది. మైకును పూలకుండీలోనో దీపం వెనకో దాచేవారు. నటుడు దాని దగ్గరికొచ్చి మాట్లాడాలి, దూరం జరిగితే మాట పోయేది. నాటకశాల నుంచి వచ్చినవాళ్లకు వెనక వరస దాకా గొంతు విసరడం అలవాటు. విసిరిన గొంతు మైకులో పగిలేది. మూకీల నుంచి వచ్చినవాళ్లు ఒక్కో అక్షరాన్నీ పళ్లెంలో పెట్టి వడ్డించినట్టు పలికేవాళ్లు. అందుకే 1929 నాటి టాకీలు చాలావరకు ఇవాళ భరించలేం.

1929 మేలో విడుదలైన ‘బుల్‌డాగ్ డ్రమండ్’ మాత్రం చూడగలం. దర్శకుడు ఎఫ్. రిచర్డ్ జోన్స్, సెట్లు విలియం కామెరాన్ మెంజీస్‌వి, కెమెరా దగ్గర జార్జ్ బార్న్స్, అతని పక్కన యువకుడు గ్రెగ్ టోలండ్. పన్నెండేళ్ల తరవాత ‘సిటిజన్ కేన్’కు కెమెరా పట్టిన టోలండే. ఇంత పనితనం ఒకచోట చేరితే కెమెరా పెట్టెలో ఉన్నా చిత్రానికి ఊపిరాడింది.

ఆ సినిమా మొదలు చూడండి. లండన్‌లో పెద్దవాళ్ల క్లబ్బు. అంతా కునికిపాట్లు, పత్రికల వెనక నిద్ర. ఒక నౌకరు చేతిలోంచి చెంచా జారి కింద పడుతుంది. ఒక ముసలి సభ్యుడు ఈ క్లబ్బులో ఎప్పుడూ గోలేనని మండిపడతాడు. మాటల సినిమా కోసం టిక్కెట్టు కొనుక్కొచ్చిన జనానికి మొదటి కానుక నిశ్శబ్దంలో ఒక చెంచా చప్పుడు! ఆ పక్కనే విసుగెత్తి కూర్చున్న కోల్‌మన్. అతను నోరు విప్పినప్పుడు ఉపన్యాసం వినపడదు. పక్క కుర్చీలో మిత్రుడితో మాట్లాడినంతే. గొంతు పెంచడు, చేతులు ఊపడు, మాటకూ మాటకూ మధ్య ఒక చిన్న ఖాళీ వదులుతాడు. ఆ ఖాళీలో కనుబొమ్మ పనిచేస్తుంది. మూకీలో టైటిల్ కార్డు రాకముందు నటుడి ముఖం చేసే పనే అది. ఇప్పుడు కార్డు పోయి ఆ స్థానంలోకి గొంతు వచ్చింది. ముఖం తన పని మానలేదు.

ఆ గొంతును మన వాళ్లలో ఎవరితో పోల్చాలంటే నాకు నాగయ్య గారే తోస్తారు. పాటలో కాదు, మామూలు మాటలో. ఎదుటివాడు చెవి దగ్గరికి తెచ్చి వినాలనిపించే స్థాయి.

సినిమా బ్రహ్మాండంగా ఆడింది. ఇదీ, ఆ వెంటనే వచ్చిన ‘కండెమ్డ్’, ఈ రెండింటికీ కలిపి కోల్‌మన్ పేరు ఆస్కారు పోటీకి వెళ్లింది. 1930 నవంబరులో బహుమతి మరో ఇంగ్లీషువాడికి దక్కింది. జార్జ్ ఆర్లిస్, ‘డిజ్రేలీ’ సినిమాకు. ఆర్లిస్ అదే వేషాన్ని ఏళ్ల తరబడి నాటకంలో వేశాడు, 1921లో మూకీలో వేశాడు, మళ్లీ టాకీలో వేశాడు. చూస్తుంటే వెలుగుదీపాల ముందు నిలబడ్డ నటుడే కనిపిస్తాడు, ప్రతి వాక్యం చివరా చప్పట్లకు చోటు ఉంటుంది. ఘనమైన నటుడే, కాదనను. కానీ టాకీలోకి నాటకాన్ని తెచ్చినవాడికి బహుమతి ఇచ్చి, మూకీని తెచ్చినవాణ్ణి కూర్చోబెట్టారు. ఆ ఏడాది తీర్పరులు నా లెక్కలో తప్పారు.

మన దగ్గర ఈ దారే వేరు. 1932లో తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ వచ్చినప్పుడు తెరమీద పలికినవాళ్లు సురభి నాటక సమాజం వాళ్లు, మునిపల్లె సుబ్బయ్య, సురభి కమలాబాయి. పద్యం పాడగలగడమే అర్హత. మూకీలో పండి టాకీలోకి అడుగుపెట్టిన నటుడు మనకు దాదాపుగా లేడు. గొంతే నటన అన్న నమ్మకం మనలో ఇంత పాతుకుపోవడానికి అదీ ఒక కారణం.

విల్మా బాంకీ సంగతి మర్చిపోలేదు. అదే స్టూడియో, అదే యజమాని, ఐదు సినిమాల్లో అదే జంట. ఆమెది హంగరీ యాస. ఒకటి రెండు టాకీలతో ఆమె ఆట కట్టింది. అదే 1929లో ఇంగ్లండులో హిచ్‌కాక్ ‘బ్లాక్‌మెయిల్’ తీస్తూ చెక్ యాస ఉన్న నాయిక ఆనీ ఓండ్రాతో పెదవులు మాత్రం కదిపించి, కెమెరాకు కనపడకుండా జోన్ బారీ చేత మాటలు చెప్పించాడు. బాంకీకి అలాంటి ఏర్పాటు ఎవరూ చేయలేదు. ఇక్కడ మాస్టారి పక్షానికి సగం మార్కులు ఇవ్వక తప్పదు. కోల్‌మన్ ఎంత నిశ్చలంగా నిలబడ్డా, అతనిది బుడాపెస్టు యాస అయి ఉంటే ఇవాళ నేను వేరే నటుడి మీద మాట్లాడుతూ ఉండేవాణ్ణి. కొన్ని యాసలు పెద్దమనిషి తరహాగా, కొన్ని నవ్వులాటగా జనం చెవికి తోస్తాయి. ఆ తేడాకు నటనతో సంబంధం లేదు.

గోల్డ్‌విన్ దగ్గర ఆ తరవాత ‘రాఫుల్స్’, జాన్ ఫోర్డ్ తీసిన ‘ఆరోస్మిత్’, కింగ్ విడార్ తీసిన ‘సినారా’ వచ్చాయి. 1932లో గోల్డ్‌విన్ ప్రచార విభాగం పత్రికలకు ఒక కబురు వదిలింది. కోల్‌మన్ కాస్త పుచ్చుకుంటే ప్రేమ ఘట్టాల్లో బాగా నటిస్తాడని దాని సారం. హెన్రీ కింగ్ చేసిన పని ఇన్నేళ్లకు ప్రచార సరుకైంది. తన బతుకును ఎప్పుడూ బయటపెట్టని మనిషికి ఒళ్లు మండింది. ఇరవై లక్షల డాలర్లకు దావా వేశాడు. దావా సాగలేదు గానీ, 1933లో ‘ది మాస్క్వరేడర్’ తరవాత మళ్లీ గోల్డ్‌విన్ గడప తొక్కలేదు. ఆ రోజుల్లో తార స్టూడియో అధిపతి మీద కోర్టుకెక్కడం చిన్న విషయం కాదు. తెరమీద గొంతు పెంచనివాడు బయట పెంచిన సందర్భం ఇదొక్కటే నాకు తెలుసు.

1935లో ‘క్లైవ్ ఆఫ్ ఇండియా’. ఈ సినిమా దగ్గర తెలుగువాడిగా నేను కాస్త తడబడతాను. మద్రాసులో కంపెనీ గుమాస్తాగా మొదలై ఆర్కాటు, ప్లాసీల మీదుగా లార్డు అయినవాడి కథ. ఒకప్పటి ఓడల కంపెనీ గుమాస్తా ఈ గుమాస్తా వేషం వేశాడు, దాని కోసం ఆ ప్రసిద్ధమైన మీసం కూడా తీసేశాడు. కానీ మనకు క్లైవ్ అంటే ఇంకొకటి కూడా. 1758లో విజయనగరం ఆనంద గజపతి పిలుపు మీద బెంగాలు నుంచి కల్నల్ ఫోర్డును పంపింది క్లైవే. పిఠాపురం దగ్గర చందుర్తిలో ఫ్రెంచివాళ్లు ఓడారు, 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం పడిపోయింది, 1765లో షా ఆలం ఫర్మానాతో ఉత్తర సర్కారులను రాయించుకున్నదీ క్లైవే. మన కోస్తా జిల్లాల తలరాత మార్చిన మనిషిని ఆ సినిమా అర్థంకాని భర్తగా, అన్యాయమైన నిందలు మోసినవాడిగా చూపిస్తుంది. కోల్‌మన్ నమ్మించగలిగాడు, చిక్కంతా అక్కడే. అతని మర్యాదగల ముఖం ఎక్కడ పెడితే అక్కడ దోపిడీ కూడా త్యాగంలా కనపడుతుంది. హాలీవుడ్ తీసిన సామ్రాజ్య కథలకు ఆ ముఖం, ఆ గొంతు ఎంత ఉపకరించాయో అతని అభిమానులు సాధారణంగా రాయరు. రాయాలి.

అదే ఏడు చివర్లో ‘ఎ టేల్ ఆఫ్ టూ సిటీస్’. సిడ్నీ కార్టన్‌గా, మళ్లీ మీసం లేకుండా. చివరి ఘట్టం గిలటిన్ దగ్గర. కెమెరా ఆకాశం వైపు పైకి వెళ్తుంటే గొంతు మాత్రం వినిపిస్తుంది. మాస్టారు ఈ ఘట్టాన్నే నా ముందు పదే పదే పెట్టేవారు. ఇది ఆయనకు పూర్తిగా వదిలేస్తున్నాను.

‘లాస్ట్ హొరైజన్’, ‘ది ప్రిజనర్ ఆఫ్ జెండా’ 1937లో వచ్చాయి. రెండూ మీరు మన సొసైటీలోనే చూశారు కాబట్టి వాటిని దాటేస్తాను. 1942 నాటి ‘రాండమ్ హార్వెస్ట్’ దగ్గర మాత్రం ఆగాలి. మొదటి ప్రపంచ యుద్ధంలో దెబ్బతిని జ్ఞాపకం పోయిన సైనికుడు, మాట కూడా సరిగా రాదు. ప్రపంచంలో అందరూ మెచ్చుకున్న గొంతున్న నటుడు తడబడుతూ, నత్తిగా, ఒక్కో మాటనూ వెతుక్కుంటూ మాట్లాడతాడు. యుద్ధం ముగిసిన రాత్రి ఊరంతా కేకలు వేస్తుంటే ఆ గుంపులో బెదిరిపోయి నడిచే ఆ మనిషిని చూడండి. అప్పటికి కోల్‌మన్ వయసు యాభై దాటింది. మెసీన్‌లో దెబ్బ తిని ఇరవై ఎనిమిదేళ్లు. గొంతును పక్కన పెట్టినప్పుడు అతనికి ఏం మిగిలిందో చూడాలంటే ఆ అరగంట చాలు. నా కేసులో నా ముఖ్య సాక్ష్యం అదే.

ఆస్కారు చివరికి 1948 మార్చిలో వచ్చింది, ‘ఎ డబుల్ లైఫ్’కు. ఒథెల్లో వేషం వేస్తూ వేస్తూ ఆ అసూయలోనే మునిగిపోయి హత్య చేసే రంగస్థల నటుడి పాత్ర. ఆ పోటీలో ఉన్నవాళ్లలో విలియం పవెల్ ఒకడు. 1924లో ‘రొమోలా’ అనే మూకీలో ఇతని ఎదుట ప్రతినాయకుడిగా వేసింది అతనే. బహుమతి రావలసిన మనిషికే వచ్చింది, రావలసిన సినిమాకు రాలేదు. అందులో కోల్‌మన్ ఎక్కువ నటించాడు. తీర్పరులకు ఎప్పుడూ ఎక్కువే కనపడుతుంది.

చివరి రోజుల సంగతులు కొద్దిగా. 1938లో పెళ్లాడిన బెనితా హ్యూమ్‌తో కలిసి రేడియోలో ‘ది హాల్స్ ఆఫ్ ఐవీ’ అనే ధారావాహిక నాటికలో నటించాడు, తరవాత అది టెలివిజన్‌కూ వెళ్లింది. 1956లో ‘అరౌండ్ ది వరల్డ్ ఇన్ 80 డేస్’లో కాసేపు కనిపిస్తాడు, గ్రేట్ ఇండియన్ పెనిన్సులార్ రైల్వే అధికారిగా. ఠాగూరు కథలో షేకుగా మొదలుపెట్టి, మధ్యలో క్లైవ్‌గా రాజ్యం స్థాపించి, ఆఖరికి రైలు పట్టాలు అక్కడితో అయిపోయాయని ప్రయాణికులకు చెప్పే రైల్వే దొరగా. ఇండియాలో అడుగుపెట్టనక్కర లేకుండానే ఇన్ని ఇండియా వేషాలు. 1958 మే 19న కాలిఫోర్నియాలో శాంటా బార్బరాలో కన్నుమూశాడు, అరవై ఏడేళ్లకు.

కమిటీకి ఒక విన్నపంతో ముగిస్తాను. ‘లేడీ విండర్మీర్స్ ఫ్యాన్’, ‘బుల్‌డాగ్ డ్రమండ్’, రెండింటికీ అమెరికాలో కాపీరైటు గడువు తీరిపోయింది. ప్రదర్శనకు ఇప్పుడు పెద్ద ఖర్చేమీ లేదు. ఒకే సాయంత్రం ముందు మూకీ, తరవాత టాకీ వేయండి. టాకీలో మొదటి పది నిమిషాలు ఒకసారి శబ్దం కట్టేసి, మళ్లీ శబ్దంతో వేయండి. ఆ పది నిమిషాల్లో అతని ముఖం ఏం చేస్తోందో చూసినవాళ్లు వచ్చే నెల సమావేశంలో నాతో వాదానికి రావచ్చు. తేదీ ఈ సభలోనే ప్రకటించమని కార్యదర్శి గారిని కోరుతున్నాను.